చార్జింగ్ ఎక్కని మూడు రోజులు

ల్యాప్‌టాప్ చార్జింగ్ తీసుకోవడం మానేసేనాటికి నా ఉద్యోగం పోయి తొమ్మిది రోజులైంది. ఆ సంగతి నాకూ, నన్ను తీసేసిన ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ ఇద్దరూ బెంగుళూరులో ఉన్నారు. నేను చంద్రగిరిలో, మా నాయన కట్టించిన ఇంట్లో, వీధివైపు గదిలో ఉన్నాను. నాలుగేళ్లుగా ఆ గదే నా ఆఫీసు.

తీసేయడం కూడా పెద్ద రభసగా ఏమీ జరగలేదు. దసరా పాడ్యమి నాడు, మంగళవారం, పదకొండు గంటలకు వీడియో కాల్‌లోకి రమ్మన్నారు. వెళ్లాను. ఒకామె కాగితం చూసి చదివింది. పక్కన ఒకాయన తల ఊపుతూ కూర్చున్నాడు. అంతసేపూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన్ని ఎందుకు పిలిచారో నాకిప్పటికీ అర్థం కాదు. "ఏమైనా అడగాలా?" అంది ఆమె. ఏమీ లేదు మేడమ్ అన్నాను. థ్యాంక్స్ కూడా చెప్పాను, నా బుద్ధికి చెప్పు దెబ్బ. గంటలోపల ఆఫీసు మెయిలు మూసేశారు.

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఒకటి ఉంటుంది చూడండి, గిల్లినా మనది కాదన్నట్టు, ఒళ్లంతా అట్లా అయింది. మధ్యాహ్నం సంగటి తిన్నాను. పప్పు బాగుందని కూడా అన్నాను. మరుసటి రోజు పొద్దున తొమ్మిదికి మామూలుగానే గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నావంటే ఏం చెప్పను, కాళ్లకి అలవాటు. ల్యాప్‌టాప్ తెరిచి, పాత లెక్కల షీటు ఒకటి ముందు పెట్టుకుని, ఆరు గంటలదాకా కూర్చున్నాను. మధ్యలో కాఫీకి లేచాను. ఆ తర్వాతి రోజూ అంతే. చెయ్యని పనికి కూడా నడుం నొప్పి వస్తుందని అప్పుడు తెలిసింది.

చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. అది నా భార్య గొంతు.

ఆమె తిరుపతిలో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు చెబుతుంది. ఒక్కో గదిలో అరవై మంది. అరవై మంది పిల్లల మధ్య పాఠం చెప్పడమంటే సంతలో కూరగాయలు అమ్మడమే, అరవాలి. పద్నాలుగేళ్లు అరిచింది. రెండు నెలల కిందట గొంతు బొంగురుపోయి, ఎంతకీ తెరుచుకోకపోతే చూపించాం. లోపల స్వరతంతువుల మీద చిన్న చిన్న కాయలు లేచాయన్నాడు డాక్టరు. దసరా సెలవులు మొత్తం నోరు తెరవొద్దు, గుసగుసగా కూడా మాట్లాడొద్దు అన్నాడు. ఆ తర్వాత కూడా బడికి పోయి అరిచారంటే గొంతు పూర్తిగా పోతుంది, ఆపరేషన్ చేసినా తిరిగి వస్తుందని నేను మాటివ్వను అన్నాడు.

ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీదే నేనన్నాను, "మానెయ్. నేనుండా కదా." గొప్పగానే అన్నాను. ఆమె నెల రోజులు ఆలోచించి సరేనంది. సోమవారం బడి తెరుస్తారు. ఆలోపల రాజీనామా ఇస్తే వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు. "మంచి ఇంగ్లీషులో టైపు చేసి పెట్టు, మన వీధి చివర ప్రింటు తీయించుకుంటా" అని చేతిలో ఉన్న చిన్న నోటుబుక్కులో రాసి చూపించింది. మాట్లాడకూడదు కాబట్టి సెలవుల్లో ఆమె ఏం చెప్పాలన్నా ఆ పుస్తకంలో రాసేది. రేపు చేస్తాలే అన్నాను. అప్పటికి ఉద్యోగం పోయి మూడు రోజులు. తర్వాత రోజూ రేపే అన్నాను.

ఇంట్లో మాట్లాడకూడని మనిషి ఒకరు, మాట్లాడాల్సి ఉండీ మాట్లాడని మనిషి ఇంకొకరు. మధ్యలో మా నాయన ఒక్కడే అందరి మాటలూ తానే మాట్లాడేవాడు.

నాయన ముప్పై ఏళ్లు కొండ మీదికి బస్సు తోలాడు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఇప్పటికీ నిద్రలో తిప్పుతాడు, చెయ్యి దుప్పటి మీద స్టీరింగ్ తిరిగినట్టు తిరుగుతుంది. రిటైరయ్యాక బస్సు లేదు గానీ ఆయుధ పూజ మాత్రం వదల్లేదు. నవమి వచ్చిందంటే ఇంట్లో పని చేసే ప్రతి వస్తువునూ వసారాలో వరసగా పెట్టిస్తాడు. స్కూటరు, గ్రైండరు, మిక్సీ, కత్తిపీట, నా భార్య ఎర్ర పెన్నులు, నా ల్యాప్‌టాప్. అన్నింటికీ రాయి మీద అరగదీసిన గంధం, కుంకుమ, పూలు. బొరుగులూ బెల్లమూ నైవేద్యం. చివర్లో స్కూటరు ముందు గుమ్మడికాయ కొడతాడు. "మనకు కూడు పెట్టేది ఇదే, దీనికి మొక్కకపోతే ఇంగ దేనికి మొక్కేది" అంటాడు. ఈసారి ఆ మాట ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి అన్నాడు. నేను బొరుగులు నములుతూ నిలబడ్డాను. దొంగకు తేలు కుడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాను, కుట్టిన నొప్పి కూడా లేదు, అదీ విచిత్రం.

మరుసటి రోజు దశమి. తొమ్మిదికి గదిలోకి పోయి తెరిస్తే బ్యాటరీ ఆరు శాతం చూపించింది. చార్జరు పెట్టాను. చార్జరు డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది గానీ ల్యాప్‌టాప్ పక్కన వెలగాల్సిన లైటు వెలగలేదు. తీసి మళ్లీ పెట్టాను. వెలగలేదు. చూస్తుండగానే ఐదు, నాలుగు, ఆపైన నల్ల తెర.

నిజం చెప్పాలంటే, ఆ తెర నల్లబడగానే నాకు కాస్త హాయిగా అనిపించింది. ఇది పని చేయకపోతే ఉత్తరం టైపు చేయక్కర్లేదు. అబద్ధం చెప్పకుండానే ఇంకో రోజు దొరికింది. కానీ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. కంపెనీవాళ్లు నా సొంత మెయిలుకి రాసి ఉన్నారు, వచ్చే మంగళవారం కొరియర్ మనిషి వస్తాడు, ఆయన ముందు ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూపించి చార్జరుతో సహా అప్పగించాలి, పని చేస్తేనే రిలీవింగ్ లెటరు పంపుతామని. ఆ కాగితం లేకుండా ఇంకొక చోట గడప కూడా తొక్కనివ్వరు. అంటే ఇది బాగుపడాలి, బాగుపడకూడదు. ఎటూ తేల్చుకోలేక కాఫీ తాగాను.

అడగకుండానే ఇల్లంతా రిపేరులోకి దిగింది. పాపం వాళ్ల బాధంతా నా పని ఆగిపోతుందనే. నా భార్య వేరే ప్లగ్గులో పెట్టమని రాసి చూపించింది. పెట్టాను. వంటింట్లో మిక్సీ ప్లగ్గులో పెట్టాను. పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కిపట్టి వదలమని ఫోన్‌లో ఎవరో చెప్తున్న వీడియో చూపించింది. నొక్కాను. ఒకటి, రెండు, మూడు అని ఆమే వేళ్లతో లెక్కపెట్టింది. ఉలుకూ లేదు పలుకూ లేదు.

నాయన టెస్టరు తెచ్చాడు. చార్జరు తీగ కొసనుంచి మొదలు దాకా వేళ్లతో నొక్కుకుంటూ వచ్చాడు, యాడన్నా తెగిందేమోనని.

"కరెంటు వస్తాండాదా సూసినావా?"

"చార్జర్లో లైటు ఎలగతానే ఉండాది నాయనా. దీంట్లోకే పోలేదు."

"అయితే బ్యాటరీ కాడ తుప్పు పట్టింటాది. మా బండ్లకు అట్లనే అయ్యేది. వేడినీళ్లు పోసి రుద్దితే సరి."

"దీనికి వేడినీళ్లు పోస్తే ఇంగ కర్మకాండే."

నా భార్యకి నవ్వొచ్చింది. నవ్వితే గొంతు కదులుతుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కింటికి పోయి వాళ్ల అమ్మాయి చార్జరు అడిగి తెచ్చింది. అది సగమే దిగి ఆగింది. దాని పిన్ను లావు అనుకున్నాం. మా చార్జరు పిన్ను కూడా పూర్తిగా దిగక, వెంట్రుక మందం బయటికే నిలబడుతోందని ఆమె గమనించి వేలితో చూపించింది. ముందునుంచీ అంతేలే అన్నాను. ముందునుంచీ అంతేనో కాదో నాకేం తెలుసు. కళ్లు తెరుచుకుని ఉంటే చూసినట్టా?

"ఆఫీసోళ్లకు ఫోన్ చేసి సెప్పు. ఊరకుంటే ఏమనుకుంటారు" అన్నాడు నాయన.

"ఈరోజు దసరా కదా."

"మీకు దసరా లేదని పోయినేడు నువ్వే సెప్పినావే."

నిజమే, చెప్పాను. మాది వేరే దేశం వాళ్ల పని, పండగలకి సెలవుండదు. గత్యంతరం లేక ఫోను తీసుకుని మిద్దె మీదికి పోయాను. ఎవరికీ చేయకుండానే చెవి దగ్గర పెట్టుకున్నాను. "అవును సర్. చార్జింగ్ ఎక్కడం లేదు సర్. సరే సర్." అటు ఎవరూ లేరు. ఇటు ఊరి కోట వైపునుంచి గాలి తోలుతోంది. కిందనుంచి నాయన కేకేశాడు, "ఊర్లో షాపులన్నీ మూసినారని సెప్పు, రేపు తీసుకపోతానని సెప్పు." నేను లేని సర్‌కి అది కూడా చెప్పాను. ముప్పై ఎనిమిదేళ్లవాణ్ణి, పట్టపగలు, ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఖాళీ ఫోన్‌తో మాట్లాడాను. సిగ్గు వేయాలి కదా. వేయలేదు. కిందికొచ్చి, ఒప్పుకున్నారు అన్నాను. నాయన తేలిగ్గా ఊపిరి వదిలాడు.

శుక్రవారం నేనూ నా భార్యా ఒకే బస్సులో తిరుపతి పోయాం. ఆమెకి డాక్టరు దగ్గర చూపించుకునే రోజు అది. నేను ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని, నోటుబుక్కులో ఏదో రాసి, కాగితం చింపి, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. డాక్టరుకి చెప్పాల్సినవి రాసుకుందనుకున్నాను. అడగలేదు. ఆ రోజుల్లో నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే వాళ్లూ అడుగుతారని భయం.

బస్టాండులో దిగి ఆమె ఆస్పత్రి వైపు, నేను కంప్యూటర్ షాపులుండే వీధి వైపు. అద్దాల తలుపున్న షాపు ఒకటి చూసి లోపలికి పోయాను. కౌంటర్లో కుర్రాయన చార్జరు పెట్టి చూశాడు, తీశాడు. ల్యాప్‌టాప్ తిప్పి కూడా చూడలేదు.

"బోర్డు పోయుంటాది సర్. మెడ్రాసుకు పంపాల. పది రోజులు పెట్టి పోండి."

"తెరిచి చూడకుండానే బోర్డు పోయిందని ఎట్ల చెప్తావప్పా?"

"రోజూ సూస్తా ఉండాం కదా సర్."

వైద్యుడు నాడి పట్టుకోకుండానే పాడె కట్టమన్నట్టుంది. చర్రుమని ఏదో అనబోయాను, అనలేదు. కోపం నోటిదాకా వచ్చి అక్కడే చల్లారిపోయింది. సంచి తీసుకుని బయటికొచ్చి టీ తాగి, బస్టాండులో ఆమె కోసం గంటసేపు కూర్చున్నాను. ఆమె అనుకున్నదానికన్నా ఆలస్యంగా వచ్చింది. ఏమన్నాడు డాక్టరు అని అడిగితే, అరచెయ్యి పెదాల మీద పెట్టి చూపించింది. ఇంకా మౌనమే. ల్యాప్‌టాప్ సంగతి సైగతో అడిగింది. బోర్డంట అన్నాను. ఆమె నా భుజం తట్టింది. చింత పడొద్దు అన్నట్టు. బస్సులో ఆమె మొహం కొంచెం తేటగా ఉంది. రెండు నెలల్లో మొదటిసారి కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

రేపు చెప్పేస్తాను అనుకున్నాను. శనివారం. ఆదివారం లోపల ఉత్తరం ఇచ్చేస్తే ఆమె ఉద్యోగం కూడా పోతుంది, అది నేను చేతులారా పోగొట్టినట్టే. ఉత్తరం ఇంకా టైపు చేయలేదు కదా, ఇంకా చేతిలోనే ఉంది కదా అని ధైర్యం.

శనివారం పొద్దున నాయనే ఒక దావ చెప్పాడు. డిపోలో పని చేసేటప్పుడు బస్సుల్లో టేపు రికార్డర్లు బాగుచేసే ఆయన ఒకడుండేవాడు, ఇప్పుడు తిరుపతి బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు చూస్తున్నాడని. పోయాను. మెట్ల కింద బడ్డీకొట్టంత జాగా. అరవై దాటిన మనిషి, నుదుటి మీదికి ఎత్తిపెట్టిన కళ్లజోడు, ముందు ఒక టేబుల్ లైటు. వెనక గోడకి దేవుడి పటం, దాని పక్కనే విప్పిన ల్యాప్‌టాప్ మూతలు వేలాడుతున్నాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొన్న దశమి నుంచి."

"నవమి పొద్దు పూజ చేసినారా దీనికి?"

నేను ఆయన మొహం చూశాను. "చేసినాం."

ఆయన కళ్లజోడు కిందికి దించి, ల్యాప్‌టాప్‌ను పక్కకి తిప్పి, చార్జరు పిన్ను దిగే గుండ్రటి రంధ్రాన్ని లైటుకి చూపించాడు. "సూడు" అన్నాడు. వంగి చూశాను. లోపల సన్నటి పుల్లలాంటిది ఉంటుంది, దాని చుట్టూ ఖాళీ ఉండాలి. ఖాళీ లేదు. గోడకి సున్నం పూసినట్టు లేత పసుపు రంగులో ఏదో గట్టిగా అంటుకుని ఉంది.

ఆయన బట్టలు కుట్టే సూది తీసుకుని, ఒక తెల్ల కాగితం కింద పరిచి, నిదానంగా గీకాడు. పొడి పొడిగా రాలింది. చిటికెడు వేలికి అద్దుకుని వాసన చూశాడు.

"మంచి గంధం. రాయి మీద తీసింది. కొన్న పొడి కాదు." నాకూ వేలు చూపించాడు. "ప్రతి దసరాకూ వస్తాయప్పా ఇట్లాంటివి. పోయినేడు ఒకాయన ప్రింటరు తెచ్చినాడు, లోపల నిమ్మకాయ ఉండాది. కానీ ఈడ ఎవరూ పెట్టరే. మూత మీద పెడతారు. ఈ బొక్కలో ఎందుకు పెట్టినారు?"

అప్పుడు గుర్తొచ్చింది.

బస్సుకి ఆయుధ పూజ చేసేటప్పుడు నాయనకి ఒక పద్ధతి ఉండేది. స్టీరింగుకి, హారనుకి, చక్రాలకి అందరూ పెడతారు. నాయన వెనక్కిపోయి డీజిల్ ట్యాంకు నోటికి కూడా గంధం పెట్టేవాడు. అది బండి అన్నం తినే నోరు, దాన్ని మరిచిపోతే కొండ మధ్యలో ఆకలికి నిలబడుతుందని ఆయన నమ్మకం. నవమి నాడు ల్యాప్‌టాప్ ముందు గొంతుక్కూర్చుని, గంధం గిన్నె పట్టుకుని అడిగాడు. "రేయ్, దీనికి డీజిల్ యాడ పోస్తారు?" ఇంకో ఏడైతే, మూత మీద పెట్టు చాలు నాయనా, దీని జోలికి పోవద్దు అని చెయ్యి పట్టుకుని ఉండేవాణ్ణి. ఈసారి నేను వేలు పెట్టి ఆ రంధ్రం చూపించాను. ఆయన ఉంగరపు వేలితో పెట్టాడు, వేలు పట్టకపోతే అగ్గిపుల్లతో లోపలిదాకా పూశాడు. ఎదురుగా నిలబడి చూశాను. నాకేమీ అనిపించలేదు.

"మా నాయన పెట్టినాడు. బస్సు డ్రైవరు" అన్నాను.

అర్థమైనట్టు తల ఊపాడు. దూదికి స్పిరిట్ అద్ది రంధ్రం తుడిచి, కాసేపు ఆరనిచ్చి, చార్జరు గుచ్చాడు. పిన్ను పూర్తిగా దిగింది. పక్కన ఎర్ర లైటు వెలిగింది.

"ఎక్కతా ఉండాది. పెద్దాయన్ని ఏమీ అనొద్దు. బిడ్డ పని బాగుండాలనే కదా పెట్టింది."

అననని చెప్పాను. నిజంగా అప్పుడు నాకు కలగాల్సింది సంతోషం కదా. మంగళవారం కొరియరు మనిషికి చూపించుకోవచ్చు, కాగితం వస్తుంది. కానీ ఎర్ర లైటు వెలిగింది. ఇక సాకు లేదు.

ఇంటికొచ్చేసరికి నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు.

"అయిందా?"

"అయింది."

"ఏమంట?"

"దుమ్ము."

"సూసినావా. నేను మొదట్నుంచీ సెప్తానే ఉండా దుమ్మని" అన్నాడు. ఎప్పుడూ చెప్పలేదు. అయినా ఊ కొట్టాను. అబద్ధాలకి అలవాటుపడ్డ నోరు, ఇంకొకటి దానికి బరువా.

గదిలో చార్జరు పెట్టి తెరిచాను. నా భార్య వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది. లైటు చూసి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది, నవ్వుతూ. ఉత్తరం గురించి రాస్తుందేమో అనుకున్నాను. రాయలేదు. ఖాళీ పేజీ తెరిచాను. నోటితో చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రాలేదు. అప్పుడు టైపు చేశాను, ఇంగ్లీషు అక్షరాల్లో, ఫోన్లో రాసుకునే తెలుగు. "నా ఉద్యోగం పోయింది. పదకొండు రోజులైంది. నువ్వు మానొద్దు." ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను.

ఆమె చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. కళ్లు నా వైపు తిప్పలేదు. కాసేపటికి కీబోర్డు తన వైపు లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నా వాక్యం కిందే కొట్టింది.

"లెటర్ నిన్ననే ఇచ్చేసినా."

ఆమె ఇంకో లైను కొట్టింది. "చేత్తో రాసి. ఆస్పత్రి నుంచి వస్తా పెద్ద మేడమ్ ఇంటికాడ ఇచ్చినా."

బస్సులో మడిచిన కాగితం అదేనన్నమాట. నాకెందుకు చెప్పలేదు అని సగం కొట్టి, ఆ సగాన్నీ చెరిపేశాను. ఏ మొహం పెట్టుకుని అడగను. కానీ ఆమె ఆ సగాన్ని చదివేసింది. బదులు కొట్టింది.

"నువ్వు దీంతో అవస్థ పడతా ఉంటివి. ఆఫీసు పని ఆగిపాయనే అని. నా ఉత్తరం కోసం నిన్ను విసిగించకూడదని నేనే రాసుకున్నా."

పదకొండు రోజుల్లో మొదటిసారి నాకు ఏదో తగిలింది. సిగ్గు. చెవులు కాలిపోయేంత సిగ్గు. నేను మిద్దె మీద లేని సర్‌తో మాట్లాడుతుంటే, నా పని చెడకూడదని ఆమె తన రాజీనామా చేత్తో రాసుకుంది. ల్యాప్‌టాప్ పని చేస్తూ ఉంటే ఉత్తరం టైపు చేయమని నన్ను మళ్లీ అడిగి ఉండేది. అడిగి ఉంటే ఏదో ఒక పూట నోరు విప్పి ఉండేవాణ్ణి. విప్పేవాణ్ణా? ఏమో. నామీద నాకే అంత నమ్మకం లేదు.

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. తిట్టడానికీ ఏడవడానికీ గొంతు కావాలి. తర్వాత తన ఫోను తీసి, పెద్ద మేడమ్ నంబరు పైకి తెచ్చి, నా ముందు పెట్టింది. పెద్ద మేడమ్ అంటే ఆ బడి హెడ్‌మిస్ట్రెస్. నోటుబుక్కులో రాసింది. "నువ్వు మాట్లాడు. లెటర్ వెనక్కి ఇమ్మని అడుగు."

"మెసేజ్ పెడదాం" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. స్పీకర్ నొక్కి, తనే కాల్ కలిపింది.

గది తలుపు తెరిచే ఉంది. హాల్లో నాయన టీవీ పెట్టుకుని వార్తలు చూస్తున్నాడు. రెండో రింగుకే మేడమ్ ఎత్తింది. నేనెవరో చెప్పాను. నిన్న ఇచ్చిన లెటరు విషయం అన్నాను.

"చెప్పండి. ఆమె నిర్ణయం సరైందే అనిపించింది నాకు. గొంతు కంటే ఏముంది" అంది ఆవిడ.

"అది వెనక్కి తీసుకుంటుంది మేడమ్. సోమవారం బడికొస్తుంది."

"ఎందుకండీ, ఒక్క రోజులో ఏమైంది?"

నా భార్య నన్నే చూస్తోంది. పదకొండు రోజులూ ఆ మాట నా నోటినుంచి ఎవరి ముందూ రాలేదు. ఇప్పుడు కూడా ముఖం తెలియని మనిషి అడిగితేనే వచ్చింది.

"నా ఉద్యోగం పోయింది మేడమ్."

హాల్లో టీవీ ఆగిపోయింది. నాయన రిమోట్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన గదిలోకి రాలేదు. అక్కడే కూర్చుండిపోయాడు.

ఫోన్లో ఆవిడ మెల్లగా అంది. "అయ్యో. సరే లెండి, లెటరు నా దగ్గరే ఉంది, మేనేజ్‌మెంటుకి ఇంకా ఇవ్వలేదు. చింపేస్తాను. సోమవారం రమ్మనండి." మళ్లీ ఆవిడే, "కానీ ఒక్కటి చెప్పండి, నేను బాధ్యత తీసుకోవాలి కదా. అరవై మంది పిల్లలు. నిన్న ఇంటికొస్తే ఒక్క మాటా మాట్లాడలేదు, అన్నీ రాసే చూపించింది. గొంతు బాగైందా ఆమెకు?"

నేను నా భార్య వైపు చూశాను. ఆమె నోరు తెరవలేదు. చెప్పు అన్నట్టు తల ఊపింది. నేను ఇంకా ఊరుకుంటే మళ్లీ ఊపింది, ఈసారి గట్టిగా.

"బాగైంది మేడమ్" అన్నాను.